పాత పాటల పుస్తకాల మూట చేతికొస్తే: విప్పేముందు రాసుకోవలసినవి

అమ్మమ్మగారి రేకుపెట్టెలో ఒక గుడ్డమూట దొరికిందని, అందులో సినిమా పాటల పుస్తకాలు, మంగళహారతులు, తత్వాలు, రెండు మూడు శతకాలు, కొన్ని విడి కాగితాలు ఉన్నాయని రాశారు. ముట్టుకుంటే అంచులు రాలుతున్నాయన్నారు. లామినేషన్ చేయించాలా, అన్నీ కలిపి బైండు చేయించాలా, స్కాన్ చేసి పారేయాలా, అమ్మితే ఏమైనా వస్తుందా అన్నవి మీ ప్రశ్నలు. మొదటి రెండూ వద్దు. మూడోదానిలో స్కాన్ వరకు సరే, పారేయడం వద్దు. అమ్మకం సంగతి చివర చెబుతాను.

మీరు అడగని విషయం ఒకటి ఉంది, దానితో మొదలుపెడతాను. మూట ఇంకా పూర్తిగా విప్పకపోతే అలాగే ఉంచి ఫోటోలు తీయండి. ఏది దేని మీద ఉంది, ఏ పుస్తకంలో ఏ కాగితం మడిచి పెట్టి ఉంది, ఏవి ఒకే దారంతో కట్టి ఉన్నాయి, ఇవన్నీ వరుసగా రాసుకోండి. ఆ సినిమా పాటల పుస్తకానికి ఇంకో ప్రతి ఎక్కడో ఒకచోట ఉండవచ్చు. కానీ ఒక ఊళ్లో ఒక ఇంట్లో ఒకావిడ ఏయే పాటలు కొనుక్కుంది, ఏవి పదేపదే తీసి పాడుకుంది, ఏది దేనితో కలిపి దాచుకుంది అనేది ఆ మూటలో తప్ప మరే గ్రంథాలయంలోనూ లేదు. మూట విప్పి సినిమావి ఒక పక్క, భక్తివి ఒక పక్క సర్దేశారంటే ఆ సమాచారం పోయినట్టే. కాగితం రాలిపోవడానికి ఇంకా ఏళ్లు పడుతుంది, ఇది మాత్రం ఒక్క మధ్యాహ్నంలో పోతుంది.

ఇంట్లో పెద్దవాళ్లు ఎవరైనా ఉంటే ఇప్పుడే అడగండి. ఇవి ఎక్కడ కొనేవారు? తిరునాళ్లలోనా, సినిమా హాలు దగ్గరా, రైల్లో అమ్మేవాళ్ల దగ్గరా? ఏ పాటను ఏ వరసలో పాడేవారు? వరస అచ్చులో ఉండదు కాబట్టి వీలైతే ఫోనులో పాడించి రికార్డు చేసుకోండి. మంగళహారతుల పుస్తకంలో పాఠం ఒక్కటే అయినా కృష్ణా జిల్లాలో ఒక తీరుగా, పాలమూరులో మరో తీరుగా పాడతారు. పుస్తకాన్ని ఎంత భద్రంగా దాచినా అందులో ఈ తేడా కనపడదు.

ఇక మూటలో ఉన్నవి ఏమిటో తెలుసుకుంటే దేనికి ఎంత జాగ్రత్త కావాలో తెలుస్తుంది. తత్వాలు, బాలనాగమ్మ కథ, దేశింగురాజు కథ, పెళ్లిపాటలు, లాలిపాటలు వంటి పలుచని పుస్తకాలను పాతవాళ్లు గుజిలీ ప్రతులు అనేవారు. మద్రాసులోని గుజిలీ బజారులో చవక కాగితం మీద, అరిగిపోయిన టైపుతో వేసి అమ్మిన పుస్తకాలకు వచ్చిన పేరది. పండితులు ఈ మాటను కాస్త చిన్నచూపుతోనే వాడారు. పాఠం శుద్ధంగా ఉండదు, అచ్చుతప్పులు లెక్కలేనన్ని. ఆ మాట నిజమే కానీ, 1854లో మొదలైన వావిళ్ల ముద్రణాలయంవారి పరిష్కృత (తప్పులు సరిచూసిన) ప్రతులు పండితుల ఇళ్లకు చేరితే, ఈ గుజిలీ ప్రతులు అక్షరాలు కూడబలుక్కుని చదివేవాళ్ల ఇళ్లకు చేరాయి. చాలామంది వీటిని చదువుకోవడానికి కాదు, చూసి పాడుకోవడానికి కొన్నారు. అందుకే బాగా వాడిన ప్రతి చిరిగిపోయింది, వాడని ప్రతి మిగిలింది. మీ దగ్గర నూనె మరకలతో, పసుపు కుంకుమ వేలిముద్రలతో ఉన్నదే ఎక్కువ చెప్పే ప్రతి. ఆ మరకలను శుభ్రం చేయించాలని మాత్రం అనుకోకండి.

విడి కాగితాలు అని ఒక్క మాటలో తేల్చేశారు గానీ నాకు అవే ఆసక్తిగా ఉన్నాయి. వాటిలో గులాబీ రంగు కాగితం మీద అచ్చయిన పెళ్లి పద్యాలు ఏమైనా ఉన్నాయేమో చూడండి. పెళ్లికొడుకు స్నేహితులో, ఊళ్లో పద్యం కట్టగల మాస్టారో సీసపద్యాలు, తేటగీతులు రాసి, పంచరత్నాలనో నవరత్నాలనో పేరు పెట్టి అచ్చు వేయించి పందిట్లో చదివి పంచేవారు. వధూవరుల పేర్లు పద్యపాదాల్లో ఇమిడ్చే నేర్పు ఉండేది. కొన్నిసార్లు యతి కోసం పడిన అవస్థ కూడా కనిపిస్తుంది, చదవడానికి అదీ సరదాయే. ఇవి ఎవరూ అమ్మలేదు, ఎవరూ కొనలేదు, గ్రంథాలయాలు పట్టించుకోలేదు. పెళ్లికి వచ్చినవాళ్ల ఇళ్లలో తప్ప ఎక్కడా ఉండవు. తేదీ, ఊరు, ప్రెస్సు పేరు సాధారణంగా అందులోనే ఉంటాయి. చిన్న పట్టణాల్లో ఏ ప్రెస్సు ఎప్పుడు ఉండేదో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి ఆధారం తక్కువ. సన్మాన పత్రాలు, ఎన్నికల పాటల కరపత్రాలు, నాటకాల నోటీసులు కూడా ఈ కోవలోవే. చెన్నైలోని రోజా ముత్తయ్య గ్రంథాలయం ఒక వ్యక్తి సొంత సేకరణ ఆధారంగా 1994లో ఏర్పడింది. ఆయన పుస్తకాలతో పాటు నాటకాల నోటీసులను, పెళ్లి పత్రికలను కూడా దాచబట్టే తమిళ సమాజ చరిత్ర రాసేవాళ్లు ఈనాటికీ అక్కడికి వెళుతున్నారు. తెలుగులో అలాంటి పని ఎక్కువగా ఇళ్లలోని రేకుపెట్టెలకే వదిలేశాం.

సినిమా పాటల పుస్తకాల విషయానికి వస్తే, 1932లో ‘భక్త ప్రహ్లాద’తో తెలుగు టాకీ మొదలైంది. ఆ దశాబ్దంలో వచ్చిన చాలా చిత్రాల ప్రింట్లు ఇప్పుడు లేవు. అప్పటి ఫిల్ము నైట్రేటుతో చేసేవారు. అది తేలిగ్గా అంటుకుంటుంది, దాచి ఉంచినా దానంతటదే చెడిపోతుంది. వెండి కోసం కరిగించినవీ ఉన్నాయి. అలాంటి చిత్రానికి కథ ఏమిటి, ఎవరు నటించారు, ఎన్ని పాటలున్నాయి అన్నదానికి హాల్లో అణాకో రెండణాలకో అమ్మిన పాటల పుస్తకమే సాక్ష్యం. అందులోనూ కథను సగంలో ఆపి, తరువాతిది వెండితెర మీద చూడమంటారు కాబట్టి ముగింపు మాత్రం దక్కదు! ఇంకో సంగతి. చాలాసార్లు ఈ పుస్తకం చిత్రం విడుదలకు ముందే అచ్చయ్యేది. తరువాత నిడివి తగ్గించడానికి తీసేసిన పాట పుస్తకంలో ఉండిపోతుంది, చివర్లో చేర్చిన పాట పుస్తకంలో ఉండదు. కాబట్టి పుస్తకంలో పాఠానికీ రికార్డులో వినిపించేదానికీ తేడా వస్తే పుస్తకాన్ని సరిదిద్దకండి. రెండూ వేరువేరు సాక్ష్యాలు.

కాలం తేల్చడం చాలామందికి కష్టంగా తోస్తుంది గానీ వీటిలో ఆనవాళ్లకు కొదవ లేదు. మొదట ధర చూడండి. 0-1-6 అని ఉంటే సున్నా రూపాయలు, ఒక అణా, ఆరు పైలు (అణాకు పన్నెండు పైలు). దశాంశ నాణేలు 1957 ఏప్రిల్ 1న వచ్చాయి. అప్పటినుంచి కొత్త పైసలను నయాపైసలు అనేవారు, 1964లో ‘నయా’ పోయింది. కాబట్టి న.పై. అని ధర ఉన్న పుస్తకం ఆ ఏడేళ్ల లోపుదనుకోవచ్చు. చిరునామాలో ఆరంకెల పిన్‌కోడు ఉంటే 1972 ఆగస్టు 15 తరువాతిది. ‘మద్రాసు-1’ అని మాత్రమే ఉంటే అంతకుముందుది కావచ్చు, కానీ పాత అలవాటు కొన్నేళ్లు సాగింది కాబట్టి దానినొక్కదాన్నే నమ్మవద్దు. పాత పుస్తకాల మీద క్రీస్తుశకం బదులు ప్రభవ, విభవ అని సంవత్సరం పేరు ఉంటుంది. ప్రభవ 1867-68లోనూ వచ్చింది, 1927-28లోనూ వచ్చింది, 1987-88లోనూ వచ్చింది. ఆ మూడింటిలో ఏదో ధర, టైపు, కాగితం కలిపి చూస్తే తెలిసిపోతుంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైన ఆనవాలు పాట తలకట్టు. భజన కీర్తనల పుస్తకాల్లో, హరికథల్లో పాట మీద ‘ఫలానా పాట వరస’ అని వేస్తారు. ఆ ఫలానా పాట సినిమాదైతే ఈ పుస్తకం ఆ సినిమా తరువాతిదే. అట్ట పోయి, ధర పోయి, ప్రెస్సు పేరు పోయిన ప్రతులను కూడా ఈ ఒక్క వాక్యంతో ఒక దశాబ్దంలోకి తేవచ్చు. రాముడి భజనకు శృంగార గీతం వరస పెట్టిన వాళ్ల ధైర్యానికి కూడా ఇక్కడే దండం పెట్టుకోవాలి.

ప్రెస్సు పేరు గురించి ఇంకొక మాట. 1867లో వచ్చిన ముద్రణాలయాల, పుస్తకాల నమోదు చట్టం ప్రకారం అచ్చయిన ప్రతి పుస్తకం మీదా ముద్రాపకుడి పేరు, ఊరు ఉండవలసి ఉండేది, ప్రతులు ప్రభుత్వానికి ఇవ్వవలసి ఉండేది. మద్రాసు ప్రభుత్వం ఇలా వచ్చిన పుస్తకాల జాబితాలను మూడు నెలలకోసారి ప్రకటించేది. ఈ జాబితాల్లో రెండణాల పాటల పుస్తకాలు కూడా కనిపిస్తాయి. అందువల్ల జాతీయోద్యమ కాలం నాటి పాటల కాగితం మీద ప్రెస్సు పేరు లేకపోతే కాస్త ఆగి చూడండి. ‘మాకొద్దీ తెల్లదొరతనము’ పాట రాసినందుకు గరిమెళ్ల సత్యనారాయణ జైలుకు వెళ్లిన రోజులవి. పేరు వేయకుండా దొంగచాటుగా అచ్చు వేసినవి ఉండేవి. ప్రభుత్వం నిషేధించి స్వాధీనం చేసుకున్న ప్రతులు కొన్ని బ్రిటిష్ లైబ్రరీలోనూ ఢిల్లీలోని జాతీయ అభిలేఖాగారంలోనూ ఉన్నాయి. నిషేధించినవాళ్లే దాచిపెట్టారన్నమాట.

ఇక కాగితం. పందొమ్మిదో శతాబ్దం రెండో సగం నుంచి గుడ్డపీలికల బదులు కలపగుజ్జుతో కాగితం చేయడం పెరిగింది. సిరా పాకకుండా పటిక, రోజిన్ అనే చెట్టు బంక కలిపేవారు. ఆ పటిక తేమతో కలిసి మెల్లగా ఆమ్లం పుట్టిస్తుంది. కలపగుజ్జులోని లిగ్నిన్ వెలుతురు తగిలి పసుపు రంగుకు తిరుగుతుంది. చవక పాటల పుస్తకాలకు వాడింది ఇందులోనూ తక్కువ రకం న్యూస్‌ప్రింటు. అంటే ఈ పుస్తకాలు బయటి దెబ్బల వల్ల మాత్రమే పాడవడం లేదు, లోపలి నుంచి పాడవుతున్నాయి. దీన్ని పూర్తిగా ఆపలేరు, నెమ్మది చేయగలరు. లామినేషన్ ఎందుకు వద్దన్నానో ఇప్పుడు అర్థమవుతుంది. వేడితో ప్లాస్టిక్‌ను అతికించి ఆమ్లాన్ని లోపలే మూసేస్తారు, మళ్లీ ఊడదీయడం దాదాపు అసాధ్యం. బైండింగు ఇంకో రకం నష్టం. బైండరు అంచులు సమంగా కోస్తాడు, రంగు అట్టలు తీసేస్తాడు, వెనక అట్ట మీద సబ్బుల ప్రకటనలెందుకని పారేస్తాడు. పెళుసు కాగితానికి పక్కనుంచి గట్టి కుట్టు వేస్తే తెరిచినప్పుడల్లా ఆ కుట్టు వెంబడే విరుగుతుంది. ఎన్నో మంచి సేకరణలు శత్రువుల వల్ల కాదు, ఇలాంటి శ్రద్ధ వల్లే చెడ్డాయి.

సెల్లోటేపు, తెల్లజిగురు దగ్గరికి రానివ్వకండి. పాతకాలపు బైండర్లు మైదా జిగురులో మైలుతుత్తం కలిపేవారు, పురుగు పట్టదని. పురుగు పట్టని మాట నిజమే గానీ రాగి లవణం కాగితాన్ని త్వరగా గోధుమరంగుకు తిప్పి పెళుసు చేస్తుంది. చిరిగినచోట అతికించక తప్పకపోతే ఏమీ కలపని గోధుమ పిండి గంజి, పలుచని జపాను కాగితం వాడాలి. చేయి తిరగకపోతే చిరుగును అలాగే ఉంచి కవరులో పెట్టండి. చిరిగిన కాగితం పోదు, తప్పుగా అతికించినది పోతుంది.

తుప్పు పట్టిన పిన్నులు తీయాలి. లాగవద్దు. పుస్తకాన్ని బోర్లా పెట్టి, వెనక మడతలను పలుచని రేకుతో మెల్లగా పైకెత్తి నిటారుగా చేసి, అప్పుడు ముందునుంచి బయటికి తీయండి. తుప్పు కాగితంలో కలిసిపోయి ఉంటే వదిలేయండి. తీసిన రంధ్రాల గుండానే నూలుదారం వదులుగా వేసుకోవచ్చు. దుమ్ముకు కొత్త మెత్తటి బ్రష్షు చాలు, మధ్యనుంచి అంచులవైపు. నీళ్లు తగలనివ్వకండి. గులాబీ, ఆకుపచ్చ అట్టల రంగు ఒక్క చుక్కకే పాకుతుంది. ఆమ్లాన్ని తీసే ద్రావణాలు ఉన్నాయి, కానీ వాటిని ఈ రంగు కాగితాల మీద ఇంట్లో ప్రయత్నించవద్దు.

మడిచిన కరపత్రాలు విప్పడం గురించి మన వాతావరణానికి తగిన సూచన ఒకటి. మే నెలలో విప్పితే మడత దగ్గర విరుగుతుంది. వానాకాలంలో గాలిలో తేమ వల్ల కాగితం కాస్త మెత్తబడుతుంది, అప్పుడు విప్పి రెండు అద్దుడు కాగితాల మధ్య తేలికైన బరువు కింద ఉంచండి. అయితే అదే తడిలో పెట్టెలో పెట్టి మూయకండి, బూజు పడుతుంది. సర్ది మూసే పని జనవరి, ఫిబ్రవరి నెలల్లో పెట్టుకోండి. బూజు ఇప్పటికే ఉంటే ముక్కుకు మాస్కు కట్టుకుని, ఆరుబయట నీడలో ఆరబెట్టి దులపండి. ఎండలో పెట్టవద్దు.

పురుగు ఉందనిపిస్తే పుస్తకాలను పాలిథిన్ సంచిలో గాలి లేకుండా మూసి, డీప్ ఫ్రీజరులో రెండు వారాలు ఉంచవచ్చు. బయటికి తీశాక సంచి పైన చెమ్మ పోయి గది వేడికి వచ్చేదాకా విప్పవద్దు. ఎండు వేపాకు, వసకొమ్ము గుడ్డలో కట్టి అలమారలో పక్కన ఉంచుకోవచ్చు. పుటల మధ్య పెడితే మచ్చలు పడతాయి. నాఫ్తలీన్ ఉండలు పడకగదిలో అసలు వద్దు, మీ ఊపిరితిత్తులు కూడా భద్రపరచవలసినవే.

దాచడానికి ఒక్కొక్క పుస్తకానికి ఒక్కొక్క కవరు. ఆమ్లం లేని కాగితం దొరికితే మేలు. దొరకకపోతే, ఇప్పటి మంచి జిరాక్సు కాగితం చాలావరకు క్షార పద్ధతిలో, అంటే ఆమ్లం లేకుండా చేసినదే, దానితో మీరే కవర్లు మడవండి. అనుమానం ఉంటే కాగితంలో ఆమ్లం ఉందో లేదో చూపే పీహెచ్ పెన్ను అని దొరుకుతుంది, గీత ఊదారంగైతే పనికొస్తుంది, పసుపైతే పనికిరాదు. పారదర్శకంగా కావాలంటే పాలిస్టరు తొడుగు వాడండి, మామూలు పీవీసీ ఫైలు కవర్లు వద్దు. నూనె మరకలున్న హారతుల పుస్తకాన్ని వేరుగా ఉంచండి, నూనె పక్కదానికి ఎక్కుతుంది. వార్తాపత్రిక ముక్కలు ఏ పుస్తకంలో దొరికాయో రాసుకుని వేరే కవరులో పెట్టండి. అన్నీ ఒక గట్టి పెట్టెలో పడుకోబెట్టి, గోడకు ఆనని ఇనుప అలమారలో మధ్య అరలో పెట్టండి. అటక మీద వేడి, నేల మీద చెద, చెమ్మ. 2000 ఆగస్టు వరదలో హైదరాబాదు సుందరయ్య విజ్ఞాన కేంద్రం గ్రంథాలయంలోకే నీళ్లు వచ్చి ఎన్నో పాత ప్రతులు తడిశాయి. కింది అర ఖాళీగా ఉంచడం పిరికితనం కాదు.

స్కాన్ చేసేటప్పుడు నలుపు తెలుపు అక్షరాలే కదా అని రంగు తీసేయకండి. పూర్తి రంగులో, చిన్న పుస్తకాలైతే 400 డీపీఐకి తగ్గకుండా, అసలు ఫైలు టిఫ్‌లో ఉంచి వాడుకకు జేపెగ్ చేసుకోండి. పలుచని కాగితంలో వెనకవైపు అక్షరాలు కనిపిస్తుంటే ఆ పుట వెనక నల్ల కాగితం పెట్టండి. పుస్తకం విప్పారకపోతే స్కానరు మూతతో నొక్కవద్దు, రెండు పక్కలనుంచి దీపాలు పెట్టి పైనుంచి ఫోనుతో తీయండి. ముందు అట్ట, వెనక అట్ట, ఖాళీ పుటలు, ప్రకటనలు, పెన్సిలు రాతలు అన్నీ తీయాలి. ఎవరో పాటల పక్కన పెట్టుకున్న టిక్కులు కూడా. ఫైలు పేరులో మీ వరుససంఖ్య ఉంటే చాలు, మిగిలిన వివరాలు ఒక పట్టికలో: పేరు, ప్రెస్సు, ఊరు, ధర, పుటలు, మూటలో స్థానం, ఎవరిచ్చారు. పాఠం టైపు చేస్తే అచ్చుతప్పులను అలాగే ఉంచి మీ సవరణ పక్కన రాయండి. ఫైళ్లు మూడుచోట్ల, అందులో ఒకటి వేరే ఊళ్లో.

నెట్‌లో పెట్టేముందు హక్కులు చూసుకోండి. మన చట్టంలో రచయిత మరణించిన తరువాతి సంవత్సరం మొదలు 60 ఏళ్లు హక్కు ఉంటుంది, పేరు లేని రచనకు ప్రచురణ తరువాతి సంవత్సరం మొదలు 60 ఏళ్లు. గడువు తీరినవాటిని ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోనూ, పాఠాన్ని తెలుగు వికీసోర్సులోనూ నిస్సంకోచంగా చేర్చవచ్చు. పెళ్లి పద్యాల్లో పేర్లు, ఊళ్లు ఉంటాయి కాబట్టి ఆ కుటుంబాలను ఒకమాట అడగండి.

అమ్మకం. పెద్ద చిత్రాల పాటల పుస్తకాలకు కొనేవాళ్లు ఉన్నారు. అందుకే రంగు నకళ్లు కూడా తిరుగుతున్నాయి. అసలుదా కాదా అని చూడాలంటే పుట వెనక వేలితో తడమండి, అచ్చక్షరాలను నొక్కి ముద్రించే లెటర్‌ప్రెస్సులో అక్షరం కాగితంలోకి దిగి వెనక కాస్త ఉబ్బుతుంది, నకలులో ఉబ్బదు. కానీ కొనేవాళ్లు మీ మూటలోంచి నాలుగైదు తారల బొమ్మలున్నవి ఏరుకుని, హారతులు, తత్వాలు చిత్తు కాగితాల కొట్టుకు వేసేయమంటారు. డబ్బు అవసరం లేకపోతే మూట మొత్తం ఒక్కచోటికే ఇవ్వండి. సినిమావి మాత్రమే అయితే పుణేలోని జాతీయ ఫిల్ము ఆర్కైవ్ పాటల పుస్తకాలను సేకరిస్తుంది. మొత్తంగా అయితే వేటపాలెం సారస్వత నికేతనం, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం, హైదరాబాదు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం వంటి పాత గ్రంథాలయాలను అడిగి చూడండి. ఇచ్చేముందు మూడు ప్రశ్నలు వేయండి: సేకరణను విడదీస్తారా, బైండు చేయిస్తారా, అడిగినవాళ్లకు చూపిస్తారా? జవాబులు నచ్చితే మీ పట్టిక నకలు జతచేసి, ఒక్కొక్కదాని పేరుతో రసీదు తీసుకోండి.